24 వేల స్కాన్లు, మూడు ఊళ్లు, ఒక అద్దె సర్వర్: ఫైళ్లు పంపే టూల్స్ ఎలా ఎంచుకున్నాం

విజయవాడలో స్కానింగ్, హైదరాబాద్‌లో పేజీలు శుభ్రం చేయడం, న్యూజెర్సీలో ప్రూఫ్ చూడటం. పాత తెలుగు పత్రికల్ని డిజిటైజ్ చేసే మా పని ఈ మూడు చోట్ల నడుస్తుంది. మధ్యలో ముంబైలో ఒక సర్వర్ అద్దెకు తీసుకున్నాం. 2025 నవంబర్ 3న మొదలుపెడితే డిసెంబర్ 9కి ఒక కొలిక్కి వచ్చింది. ఈ అయిదు వారాల్లో ఏ రోజు ఏం చేశాం, ఎక్కడ ఎంతసేపు ఆగాం, దేనికి ఎంతయింది, ఏ ఆప్షన్ పెట్టకపోతే ఏం పోతుంది అన్నవి వరసగా రాస్తున్నాను. ఇలాంటి పని చేయబోయేవాళ్లకి ఇవి ముందే తెలిస్తే ఇందులో సగం రోజులు మిగులుతాయి.

పంపాల్సిన సరుకు రెండు రకాలు. ఒకటి స్కాన్లు. 300 డీపీఐ కలర్‌లో ఏ4 పేజీని కుదించకుండా టిఫ్‌గా సేవ్ చేస్తే పేజీ 26 ఎంబీ. మా దగ్గర 24,118 పేజీలు, అంటే దాదాపు 630 జీబీ. రెండోది ఆ పేజీల టెక్స్ట్, పేజీకొక ఫైలు. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ (ఒక అక్షరం లేదా గుణింతపు గుర్తు) ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి పేజీ 6 కేబీ దాకా వస్తుంది. అన్నీ కలిపినా 150 ఎంబీ లోపే. స్కాన్ ఒకసారి తీశాక మారదు, విజయవాడ నుంచి సర్వర్‌కి ఒకవైపే వెళ్తుంది. టెక్స్ట్ రోజూ మారుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది. ఈ తేడాను మొదటి రోజే కాగితం మీద రాసుకుని ఉంటే, అన్నిటికీ పనికొచ్చే ఒకే టూల్ కోసం వెతుకుతూ తొలి నాలుగు రోజులు పోగొట్టుకునేవాళ్లం కాదు.

నవంబర్ 3. అప్పటిదాకా వాడుతున్న షేర్డ్ హోస్టింగ్‌లో (చాలామందికి కలిపి ఇచ్చే అద్దె సర్వర్) ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి) తప్ప వేరే దారి లేదు. మారాలా వద్దా అన్న మాట తేలక, స్కానింగ్ మెషీన్‌లో వైర్‌షార్క్ (నెట్ మీద పోయేదాన్ని చూపించే ప్రోగ్రామ్) తెరిచి, ఎఫ్‌టీపీ వాడే 21వ పోర్ట్ (నంబరున్న తలుపు లాంటిది) మీద ఫిల్టర్ పెట్టి, ఎప్పటిలాగే లాగిన్ అయ్యాం. ‘యూజర్’ అన్న మాట పక్కన మా యూజర్ పేరు, తర్వాతి వరసలో ‘పాస్’ అన్న మాట పక్కన పాస్‌వర్డ్, ఒక్క అక్షరం పొల్లుపోకుండా తెర మీద కనిపించాయి. దారి మధ్యలో ఏ రౌటర్ దగ్గర కాపు వేసినవాళ్లకైనా అవి అలాగే కనిపిస్తాయి. మూడేళ్లుగా అదే పాస్‌వర్డ్ వాడుతున్నాం. గుండె జారిపోయింది. మారాలా వద్దా అన్న ప్రశ్న ఇక రాలేదు.

పేర్ల దగ్గరే చాలామంది తికమకపడతారు. ఎఫ్‌టీపీఎస్ అంటే పాత ఎఫ్‌టీపీకే టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ తొడుగు వేసింది. ఎస్‌ఎఫ్‌టీపీకి ఎఫ్‌టీపీతో చుట్టరికం లేదు, అది ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే దారి) లోపల నడిచే వేరే ప్రోటోకాల్. ఎఫ్‌టీపీఎస్‌కి కంట్రోల్ పోర్ట్‌తోపాటు డేటా కోసం ప్యాసివ్ పోర్టుల వరస ఒకటి ఫైర్‌వాల్‌లో తెరవాలి. తెరవకపోతే లాగిన్ బాగానే అవుతుంది, ఫోల్డర్ లిస్ట్ దగ్గర బిగుసుకుపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి 22 ఒక్కటి చాలు, ఆర్‌సింక్ (మారిన ఫైళ్లని మాత్రమే పంపే ప్రోగ్రామ్) కూడా అదే దారిలో వెళ్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీ విషయానికొస్తే, ఎస్‌ఎస్‌హెచ్‌ని నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌లో 2022లో వచ్చిన 9.0 నుంచి ఆ కమాండ్ కూడా లోపల ఎస్‌ఎఫ్‌టీపీనే వాడుతోంది. ఆగిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకోవడం దానికి రాదు కాబట్టి మేం పక్కన పెట్టాం.

మరుసటి రోజు సర్వర్ తీసుకున్నాం. 1 టీబీ డిస్క్, 2 జీబీ ర్యామ్, ఉబుంటు 24.04. నెలకు 1,850 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 2,183. డబ్బు కట్టిన 40 నిమిషాలకి ఐపీ అడ్రస్ వచ్చింది. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్ (ఆ సర్వర్‌ని గుర్తుపట్టే అక్షరాల వరస) చూపించి, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. చూడకుండా ఒప్పేసుకోవడం అందరికీ అలవాటు. మేం ప్రొవైడర్ ఇచ్చిన వెబ్ కన్సోల్‌లోంచి సర్వర్‌లోకి వెళ్లి, అక్కడి ఫింగర్‌ప్రింట్ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే ఒప్పుకున్నాం. రెండు నిమిషాల పని. ఆ ఒక్కసారి సరిచూసుకుంటే, తర్వాత ఎవరైనా మధ్యలో దూరినప్పుడు ప్రోగ్రామే హెచ్చరించి ఆగిపోతుంది.

పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే కీలు ముగ్గురికి మూడు చేశాం, ఈడీ25519 రకం, ప్రతిదానికీ పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే రహస్య వాక్యం). ఒకే కీని ముగ్గురూ వాట్సాప్‌లో పంచుకుంటే, ఒకరు పనిలోంచి తప్పుకున్న రోజున అందరి తాళం మార్చాల్సి వస్తుంది. సర్వర్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, అందులో ఒప్పుకునే కీల జాబితా ఉన్న ఆథరైజ్డ్ కీస్ ఫైలుకి 600 పర్మిషన్ పెట్టాలి, అంటే ఆ యూజర్ తప్ప ఇంకెవరూ ముట్టుకోలేరు. వేరేవాళ్లు అందులో రాయగలిగేలా వదిలేస్తే, కీ సరైనదే అయినా సర్వర్ దాన్ని పట్టించుకోదు, మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది.

కీలు పనిచేశాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశాం. నిజానికి ఆగలేదు. మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లో ‘నో’ అని రాసి సర్వీస్ రీస్టార్ట్ చేశాక కూడా పాస్‌వర్డ్‌తో లోపలికి రానిచ్చింది. కారణం వెతకడానికి గంట పట్టింది. క్లౌడ్ సర్వర్లలో ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో 50-క్లౌడ్-ఇనిట్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. అందులో ‘యెస్’ అని ఉంది. మెయిన్ ఫైలు మొదట్లోనే ఆ ఫోల్డర్‌ని చదివేస్తుంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఏ సెట్టింగ్‌కైనా మొదట కనిపించిన విలువనే తీసుకుంటుంది. కాబట్టి కింద మనం ఏం రాసినా లెక్కలోకి రాదు. ఎస్‌ఎస్‌హెచ్‌డీని (సర్వర్ వైపు నడిచే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) పెద్ద టీ (-T) ఆప్షన్‌తో నడిపితే చివరికి ఏ విలువ అమల్లో ఉందో చూపిస్తుంది, దాన్ని చూసే నమ్మాలి. ఇంకో మాట: ఇలాంటి మార్పు చేసేటప్పుడు రెండో విండోలో ఇంకో సెషన్ తెరిచి ఉంచాలి. తప్పు రాస్తే బయటే నిలబడాల్సి వస్తుంది.

నవంబర్ 6న ప్రతి ఒక్కరినీ వాళ్ల ఫోల్డర్‌కే కట్టేద్దామని ఎస్‌ఎఫ్‌టీపీ-మాత్రమే ఖాతాలు చేశాం, క్రూట్ (ఒక ఫోల్డర్ దాటి బయటికి పోనివ్వని కట్టడి) పెట్టి. లాగిన్ అవుతూనే తెగిపోతోంది. విన్‌ఎస్‌సీపీలో (విండోస్‌లో ఎస్‌ఎఫ్‌టీపీతో ఫైళ్లు పంపే ప్రోగ్రామ్) కనెక్షన్ పోయింది అనే తప్ప ఇంకేమీ కనిపించదు. అసలు కారణం సర్వర్‌లో లాగిన్లు రాసిపెట్టే ఆథ్ లాగ్‌లో ఉంటుంది: ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’. క్రూట్ ఫోల్డర్, దాని పైనున్న ప్రతి ఫోల్డర్ రూట్ (సర్వర్ అడ్మిన్ ఖాతా) పేరు మీదే ఉండాలి, రూట్ తప్ప ఇంకెవరూ అందులో రాయకూడదు. అంటే యూజర్ సొంత హోమ్ ఫోల్డర్‌ని క్రూట్‌గా పెడితే కుదరదు. పైన రూట్ సొంతమైన ఫోల్డర్, లోపల యూజర్ సొంతమైన ‘అప్‌లోడ్’ ఫోల్డర్ ఉండాలి. అలా మార్చగానే పనిచేసింది. ఆనందం పది నిమిషాలు నిలిచింది. అదే ఖాతాతో ఆర్‌సింక్ నడిపితే, ‘ఈ సర్వీస్ ఎస్‌ఎఫ్‌టీపీకి మాత్రమే’ అన్న అర్థంలో ఒక లైన్ ఇచ్చి ఆగిపోయింది. ఆర్‌సింక్‌కి అవతలి వైపు కూడా ఆర్‌సింక్ ప్రోగ్రామ్ నడవాలి, ఈ ఖాతాల్లో ఏ ప్రోగ్రామూ నడవదు.

దీనికి దారి ఆర్‌ఆర్‌సింక్ అనే చిన్న స్క్రిప్ట్. ఉబుంటులో ఆర్‌సింక్ ప్యాకేజీతోనే వస్తుంది. ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఒక్కో కీ ముందు దీన్ని రాస్తే ఆ కీతో వచ్చినవాళ్లు ఆ ఫోల్డర్‌లో ఆర్‌సింక్ తప్ప ఇంకేమీ చేయలేరు. విజయవాడ కీకి ‘రాయడం మాత్రమే, డిలీట్ లేదు’ అని పెట్టాం. బ్యాకప్ కీకి ‘చదవడం మాత్రమే’. స్కానింగ్ మెషీన్‌లోకి ఏ వైరస్ వచ్చినా సర్వర్‌లోని స్కాన్లని ఈ కీతో తీసేయలేదు. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చింది ఈ ఒక్క వరసే.

నవంబర్ 7 నుంచి 9 దాకా టూల్స్‌ని పరీక్షించాం: పాత ఎఫ్‌టీపీ, విన్‌ఎస్‌సీపీ, ఆర్‌సింక్, మార్పుల్ని రెండువైపులా కలిపే యూనిసన్, అదే పనిని వెనకాల తనంతట తను చేసే సింక్‌థింగ్. వేగం ఒక్కటే కొలవకుండా, ప్రతి టూల్‌కీ మూడు చెడు పనులు చేసి చూశాం: ఫైలు వెళ్తుండగా నెట్ కేబుల్ పీకేయడం, పంపే డిస్క్‌ని తీసేసి సింక్ నడపడం, ఒకే ఫైలుని రెండు చోట్లా మార్చడం. ఎంపిక అంతా ఈ మూడింటి మీదే తేలింది.

కేబుల్ పీకితే పాత ఎఫ్‌టీపీ సగం ఫైలుని పూర్తి పేరుతో వదిలేసింది. పేరు చూసి అది పూర్తయిందనే అనుకుంటాం, ఇది అన్నిటికన్నా ప్రమాదం. విన్‌ఎస్‌సీపీ పెద్ద ఫైలుకి చివర ‘ఫైల్‌పార్ట్’ అనే తోక తగిలించి పంపుతుంది, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది, ఆగిన చోటి నుంచి ఎత్తుకుంటుంది. ఆర్‌సింక్ మామూలుగా అయితే సగం ఫైలుని పారేస్తుంది. పార్షియల్-డిర్ ఆప్షన్ ఇస్తే వేరే ఫోల్డర్‌లో దాచి, మళ్లీ మొదలైనప్పుడు వాడుకుంటుంది. సింక్‌థింగ్ ఫైలుని బ్లాకులుగా పంపుతుంది కాబట్టి వచ్చిన బ్లాకులు పోవు.

డిస్క్ తీసేసి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆర్‌సింక్‌కి డిలీట్ ఆప్షన్ ఇచ్చి, డిస్క్ మౌంట్ అయ్యే (తగిలిస్తే అందులోవి కనిపించే) ఫోల్డర్‌నే సోర్స్‌గా రాశాం. డిస్క్ లేదు కానీ ఆ ఖాళీ ఫోల్డర్ ఉంది. ‘ఇక్కడ ఏమీ లేదు, అక్కడా ఏమీ ఉండకూడదు’ అని ఆర్‌సింక్ పరీక్ష ఫోల్డర్‌లోని 400 ఫైళ్లనీ కొన్ని సెకన్లలో తుడిచేసింది. దాని లెక్కలో అది తప్పు కాదు, మనం అడిగిందే చేసింది. సోర్స్‌ని ఒక మెట్టు లోపలికి, డిస్క్‌లోని ‘స్కాన్లు’ ఫోల్డర్‌కి పెడితే, డిస్క్ లేనప్పుడు ఆ ఫోల్డర్ దొరక్క కోడ్ 23 ఎర్రర్‌తో ఆగిపోయింది, ఒక్క ఫైలూ పోలేదు. ఒక్క మెట్టు తేడా. మ్యాక్స్-డిలీట్ 50 అని కూడా పెట్టాం, అంతకు మించి తీసేయదు. యూనిసన్ ఇదే పరిస్థితిలో ఒకవైపు మొత్తం ఖాళీ అయినట్టు కనిపిస్తోందని విడిగా అడిగింది. సింక్‌థింగ్ తను ముందే పెట్టుకున్న గుర్తు ఫోల్డర్ కనబడక ఆగిపోయి ఎర్రగా చూపించింది.

మూడోది, ఒకే ఫైలు రెండు చోట్లా మారడం. ఆర్‌సింక్ ఎవరిది తర్వాత పంపితే వాళ్లది నిలబెట్టి, రెండోవాళ్ల దిద్దుబాట్లని ఒక్క మాట చెప్పకుండా పోగొట్టింది. యూనిసన్ ఆ ఫైలు పక్కన రెండువైపులా బాణాలు, మధ్యలో ప్రశ్నార్థకం పెట్టి, మనం తేల్చేదాకా ముట్టుకోలేదు. సింక్‌థింగ్ ఒకదాన్ని అసలు పేరుతో ఉంచి, రెండోదాని పేరులో ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అని, తేదీ, సమయం చేర్చి పక్కనే పెట్టింది. రెండూ బతికాయి.

వేగం విషయంలో ఆశ్చర్యపరిచింది పెద్ద ఫైళ్లు కాదు, చిన్నవి. పెద్ద టిఫ్‌ల దగ్గర విన్‌ఎస్‌సీపీ, ఆర్‌సింక్ దాదాపు సమానం, లైన్ ఎంత ఇస్తే అంత. 24 వేల టెక్స్ట్ ఫైళ్లని మాత్రం విన్‌ఎస్‌సీపీలో ఒకే కనెక్షన్ మీద పంపితే గంట పైనే పట్టింది. 150 ఎంబీ కూడా లేని సరుకు. ఎస్‌ఎఫ్‌టీపీలో ప్రతి ఫైలుకీ తెరువు, రాయి, టైం పెట్టు, మూయి అని విడివిడిగా అడిగి జవాబు కోసం ఆగాలి. ముంబైకి పోయి రావడానికి 30 మిల్లీసెకన్లు పడితే, ఫైలుకి అయిదు సార్లు తిరిగినా 24 వేలకి గంట. ఆర్‌సింక్ జవాబు కోసం ఆగకుండా వరసగా తోసేస్తుంది, రెండు నిమిషాల్లో అయిపోయింది.

తేల్చుకున్నది ఇది: స్కాన్లకి ఆర్‌సింక్, టెక్స్ట్‌కి సింక్‌థింగ్, ఎప్పుడైనా చేత్తో ఒకటి రెండు ఫైళ్లు పెట్టడానికి విన్‌ఎస్‌సీపీ. రెండే మెషీన్లయితే, కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లయితే టెక్స్ట్‌కి నేను యూనిసన్‌నే ఎంచుకునేవాణ్ని. ప్రతి మార్పునీ చూపించి అడగడం నాకు బాగా నచ్చింది. ప్రూఫ్ చూసేవాళ్లు రోజూ దాన్ని గుర్తుపెట్టుకుని నడపడం కష్టం కాబట్టి వదిలేశాం. వాడితే రెండు వైపులా 2.52 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉండేలా చూసుకోవాలి, అంతకు ముందు వెర్షన్లు ఒకదానితో ఒకటి సరిగా పొసగవు. ఆర్‌క్లోన్ మంచిదే కానీ దాని బలం క్లౌడ్ స్టోరేజీల దగ్గర. ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌తో సర్వర్‌ని డ్రైవ్‌లా తగిలించుకోవడం చూడ్డానికి బాగుంటుంది, నెట్ పోతే మాత్రం ఆ ఫోల్డర్ తెరిచిన ప్రతి ప్రోగ్రామూ గడ్డకట్టుకుపోతుంది.

నవంబర్ 10 రాత్రి 9 గంటలకి అసలు అప్‌లోడ్ మొదలైంది. స్కానింగ్ మెషీన్ విండోస్‌ది, అందులో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లైనక్స్) పెట్టి దాన్లో ఆర్‌సింక్ నడిపాం. అక్కడి నుంచి చూస్తే విండోస్ డిస్క్‌లోని ఫైళ్లన్నీ 777 పర్మిషన్‌తో కనిపిస్తాయి. అలాగే పంపితే సర్వర్‌లో ఎవరైనా రాయగలిగే ఫైళ్లవుతాయి. సీహెచ్‌మాడ్ ఆప్షన్‌తో ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644 (యజమాని ఒక్కరే రాయగలిగేవి) అని చెప్పి పంపాం. నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయినా పైకి పోయేది 20 మాత్రమే, అంటే సెకనుకి 2.5 ఎంబీ. ఆ లెక్కన 630 జీబీకి 70 గంటలు. కంప్రెస్ ఆప్షన్ పెట్టాం. మా టిఫ్‌లు కుదించనివి కాబట్టి లైన్ మీద వెళ్లింది 430 జీబీయే. జేపెగ్‌లు, ఎంపీ3లు పంపేవాళ్లకి ఈ ఆప్షన్ వల్ల లాభం ఉండదు, అవి అప్పటికే కుదించినవి.

పగలు ఆఫీసులో మిగతావాళ్ల నెట్ ఆగిపోకుండా బీడబ్ల్యూలిమిట్ 1000 పెట్టాం. ఈ అంకె కిలోబైట్లలో, బిట్లలో కాదు. అంటే సెకనుకి సుమారు 1 ఎంబీ. నడుస్తున్నప్పుడు మార్చడానికి లేదు కాబట్టి, రాత్రి జాబ్‌ని స్టాప్-యాట్ ఆప్షన్‌తో ఉదయం 9కి ఆపి, పగటి జాబ్‌ని వేరేగా మొదలుపెట్టేవాళ్లం. నవంబర్ 11 మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషీన్‌కి యూపీఎస్ ఉంది, రౌటర్‌కి లేదు. కరెంటు వచ్చాక చూస్తే ఆర్‌సింక్ విండో అలాగే ఉంది, ఎర్రర్ ఏమీ లేదు, అంకె మాత్రం కదలడం లేదు. తెగిపోయిన కనెక్షన్ మీద జవాబు కోసం మూడు గంటలు కూర్చుంది. టైమౌట్ 60, ఎస్‌ఎస్‌హెచ్‌కి సర్వర్-అలైవ్ ఇంటర్వెల్ 15 పెట్టి ఉంటే నిమిషంలో తెలిసేది. ఆ సాయంత్రమే 1,450 రూపాయలకి రౌటర్ మినీ యూపీఎస్ కొన్నాం. నవంబర్ 13 సాయంత్రం 6 దాటాక చివరి పేజీ చేరింది. 24,118 అన్న అంకె రెండు వైపులా కనిపించినప్పుడు ఆఫీసులో ఎవరూ మాట్లాడలేదు, అందరం ఊపిరి పీల్చుకున్నాం. మరుసటి రోజు రెండు వైపులా షా-256 (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) జాబితాలు తీసి పోల్చాం. యూఎస్‌బీ డిస్క్ మీద ఒక్క జాబితాకే రెండు గంటలు పట్టింది. అన్నీ సరిపోయాయి.

సింక్‌థింగ్ నవంబర్ 17న పెట్టాం. సర్వర్‌లో యూజర్ సర్వీస్‌గా పెడితే ‘లింగర్’ ఆన్ చేయాలి, లేకపోతే మనం ఎస్‌ఎస్‌హెచ్ నుంచి బయటికి రాగానే అదీ ఆగిపోతుంది. దాని వెబ్ పేజీ 8384 పోర్ట్ మీద ఉంటుంది. దాన్ని ఇంటర్నెట్‌కి తెరవకూడదు, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లోంచి చూసుకోవాలి. తెరవాల్సింది 22000, టీసీపీ, యూడీపీ రెండూ. మొదటి రోజు అది మర్చిపోయాం. అయినా సింక్ నడిచింది, నత్తనడకన. కనెక్షన్ వివరాల్లో ‘రిలే’ అని ఉంది: నేరుగా చేరలేక మధ్యవర్తి సర్వర్ల మీదుగా తిరిగి వస్తోంది. సరుకు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, ఆ భయం అక్కర్లేదు, వేగమే ఉండదు.

తర్వాత రెండు రోజులు న్యూజెర్సీ ఫోల్డర్ సర్వర్‌తో 99 శాతం దగ్గర ఆగిపోయింది. ఫెయిల్డ్ ఐటమ్స్ జాబితా తెరిస్తే మూడు ఫైళ్లు, ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’. వ్యాసం శీర్షిక మొత్తం పేరుగా పెట్టినవి. విండోస్‌లో పేరు 255 యూనిట్ల దాకా ఉండొచ్చు, తెలుగు కోడ్ ఒక్కోటి ఒక యూనిట్. లైనక్స్‌లో హద్దు 255 బైట్లు. తెలుగుకి కోడ్‌కి 3 బైట్లు, అంటే 85 కోడ్‌లు. ‘శ్రీ’ మనకి ఒక అక్షరం, కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, దీర్ఘం: నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. ఇంగ్లిష్ పేర్లు పెట్టేవాళ్లకి ఈ గోడ ఎప్పటికీ తగలదు, మనకి రెండు లైన్ల శీర్షికకే తగులుతుంది.

పేర్ల బాధ అంతటితో పోలేదు. నవంబర్ 26న హైదరాబాద్ నుంచి ఫోన్. “అన్నా, సర్వర్‌లో చైత్రం రెండుసార్లు కనిపిస్తోంది, వైశాఖం కూడా. మిగతా నెలలన్నీ ఒక్కోటే ఉన్నాయి.” శుభ్రం చేసిన పేజీలు అక్కడి మ్యాక్ నుంచి ఆర్‌సింక్‌తో సర్వర్‌కి వెళ్తాయి, సంచికలు తెలుగు నెలల పేర్లతో ఫోల్డర్లు. తెర మీద రెండు చైత్రాలకీ ఒక్క గీత తేడా లేదు. బైట్లు లెక్కపెడితే ఒకటి 18, ఒకటి 21. అప్పుడు వెలిగింది. ఆ మ్యాక్‌కి తగిలించిన పాత డిస్క్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫార్మాట్‌ది. అది పేర్లని విడగొట్టి దాచుకుంటుంది. తెలుగు గుణింతంలో అలా విడిపోయే గుర్తు ఒక్కటే, ఐత్వం: ఎత్వం ఒక కోడ్, కింద వచ్చే ఐత్వపు కొస ఇంకో కోడ్. లైనక్స్‌లో అది ఒకే కోడ్. పన్నెండు నెలల్లో ఐత్వం ఉన్నవి చైత్రం, వైశాఖం మాత్రమే. అందుకే ఆ రెండే జంటలయ్యాయి.

ఇందులో ఉన్న ప్రమాదం డ్రై-రన్‌లో (ఏమీ మార్చకుండా, ఏం చేయబోతోందో మాత్రం చూపించేది) కనిపించింది. డిలీట్ ఆప్షన్‌తో నడిపితే, సర్వర్‌లోని అసలు చైత్రం ‘మ్యాక్‌లో లేని ఫోల్డర్’ కింద లెక్కకొచ్చి తీసేయబోయే జాబితాలో ఉంది. డ్రై-రన్ చూడకుండా నడిపి ఉంటే రెండు నెలల సంచికలు పోయేవి. సరిచేయడానికి ఆర్‌సింక్‌లో పేర్ల కోడ్‌లు మార్చే ఐకాన్వ్ ఆప్షన్ ఉంది, ఇటు యూటీఎఫ్-8-మ్యాక్, అటు యూటీఎఫ్-8 అని చెప్పాలి. ఆ మ్యాక్‌తో వచ్చిన ఆర్‌సింక్ 2.6.9, 2006 నాటిది. ఈ ఆప్షన్ 3.0 నుంచి మొదలైంది కాబట్టి హోమ్‌బ్రూతో (మ్యాక్‌లో ప్రోగ్రాములు పెట్టే టూల్) కొత్తది పెట్టాం. ఆ తర్వాత నెలల ఫోల్డర్లన్నిటికీ అంకెల పేర్లు పెట్టేశాం, 01 నుంచి 12. తెలుగు పేర్లు ఒక పట్టికలో ఉన్నాయి. నా మనసుకి కష్టంగానే ఉంది, ఫోల్డర్‌కి చైత్రం అని పేరు చూడటం బాగుండేది. కనబడని తేడా ఇంకొకటి కూడా ఉంది: పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు పెట్టే జీరో-విడ్త్ నాన్-జాయినర్. అది ఉన్న పేరు, లేని పేరు చూపుకి ఒక్కలాగే ఉండొచ్చు, సర్వర్‌కి మాత్రం రెండు ఫైళ్లు.

ఆర్‌సింక్ లాగ్‌లో తెలుగు పేర్లు \#340\#260 లాంటి అంకెలుగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఫైళ్లు చెడిపోలేదు. క్రాన్‌లో (పనుల్ని వేళకి తనంతట తను నడిపేది) నడిచేటప్పుడు లొకేల్ (భాష సెట్టింగ్) యూటీఎఫ్-8 కాకపోవడం వల్ల వచ్చేది. ఆర్‌సింక్‌కి 8 అనే ఆప్షన్ ఇస్తే అక్షరాలే వస్తాయి.

డిసెంబర్ మొదటి వారం బ్యాకప్‌కి పోయింది. సింక్ అనేది బ్యాకప్ కాదు. న్యూజెర్సీలో పొరపాటున తీసేసిన ఫైలు నిమిషంలో విజయవాడలో కూడా పోతుంది. సర్వర్‌లో సింక్‌థింగ్ వర్షనింగ్‌ని (పాత కాపీలు దాచే ఏర్పాటు) స్టాగర్డ్ రకం (పాతబడేకొద్దీ కాపీలు తగ్గించేది), 365 రోజులకి పెట్టాం. ఒక మెషీన్‌లో వర్షనింగ్ ఆన్ చేస్తే వేరేచోటి నుంచి దానికి వచ్చిన మార్పులకే పాత కాపీ దాస్తుంది, ఆ మెషీన్‌లోనే కూర్చుని తీసేసినదానికి దాయదు. అందుకే సర్వర్‌లో చేత్తో ఎవరూ దిద్దకూడదని పెట్టుకున్నాం. స్కాన్లకి హైదరాబాద్‌లో 6,200 రూపాయలు పెట్టి 2 టీబీ డిస్క్ కొన్నాం. రోజూ రాత్రి 1:30కి ఆ మెషీనే సర్వర్ నుంచి కొత్తవి లాక్కుంటుంది, చదవడం మాత్రమే ఉన్న కీతో. సర్వర్ నుంచి ఆ మెషీన్‌కి దారే లేదు, కాబట్టి సర్వర్ ఎవరి చేతికి చిక్కినా బ్యాకప్‌ని అక్కడి నుంచి తాకలేరు. మారిన పాత ఫైళ్లు బ్యాకప్-డిర్‌లో తేదీ పేరుతో నిలుస్తాయి. సాఫ్ట్‌వేర్‌కి ఒక్క రూపాయీ కాలేదు. ఒకసారి పెట్టింది 7,650, నెలనెలా 2,183.

డిసెంబర్ 9న బ్యాకప్ డిస్క్‌లోంచి చూడకుండా ఒక సంచిక ఎంచుకుని, 64 పేజీలు, 1.7 జీబీ, ఖాళీ ఫోల్డర్‌లోకి తిరిగి తెచ్చి షా-256 జాబితాతో పోల్చాం. 64కి 64 సరిపోయాయి. ఆ సాయంత్రం పాత హోస్టింగ్‌లోకి చివరిసారి వెళ్లి, అక్కడ మిగిలిన ఫైళ్లు తీసేసి, ఎఫ్‌టీపీ ఖాతాను మూసేశాం.